అసెంబ్లీ తీర్మానం చేసినా ఢిల్లీ కదలకపోతే రాష్ట్రానికి అధికారం ఉన్నట్టా, లేనట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గ్రూప్స్‌కి చదువుతున్నారు. పుస్తకంలో చూస్తే మనది సమాఖ్య, కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచి ఇచ్చారని ఉంది. టీవీ పెడితే మాత్రం ముఖ్యమంత్రులు ఢిల్లీలో వినతిపత్రాలు ఇస్తూ కనిపిస్తారు. అసెంబ్లీ తీర్మానం చేసి పంపినా ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. మరి గొడవ వస్తే చివరికి ఎవరి మాట నెగ్గుతుంది? కోర్టుకు వెళ్తే లాభం ఉంటుందా?

సూటిగా చెప్తాను. చట్టంలోనూ డబ్బులోనూ పైచేయి కేంద్రానిదే. అయినా కేంద్రం రాష్ట్రానికి పైఅధికారి కాదు. రాష్ట్ర జాబితాలో ఉన్న విషయం మీద ఇలా చట్టం చెయ్యండి, అలా చెయ్యొద్దు అని మామూలు రోజుల్లో హుకుం జారీ చేసే వీల్లేదు. చేయగలిగిందల్లా ఆపి ఉంచడం. సంతకం పెట్టకుండా, బిల్లు సభలో పెట్టకుండా, అనుమతి లేఖ పంపకుండా నాన్చడం. నేను సచివాలయంలో న్యాయశాఖలోనూ, కొంతకాలం ఆర్థికశాఖలోనూ పనిచేసి రిటైరయ్యాను. "కుదరదు" అని ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరాలు అరుదు. "పరిశీలనలో ఉంది" అని వచ్చినవే ఎక్కువ.

ఏ విషయం ఎవరిదో పంచి చెప్పే రాజ్యాంగం ఏడో షెడ్యూలు సంగతి మీకు తెలిసే ఉంటుంది కాబట్టి త్వరగా దాటేస్తాను. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఈ మూడింటిలోనూ లేని కొత్త విషయం ఏదైనా వస్తే 248వ అధికరణం ప్రకారం కేంద్రానికే పోతుంది. ఉమ్మడి జాబితాలో రెండు చట్టాలు ఢీకొంటే 254 ప్రకారం కేంద్ర చట్టం నిలుస్తుంది. 1976లో 42వ సవరణతో విద్య, అడవులు సహా ఐదు విషయాలు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు జరిగాయి. పరీక్షకు ఈ మాత్రం చాలు. అసలు ఆట జాబితాల్లో లేదు, జాబితా అయ్యాక ఫైలు ఎవరి టేబుల్ మీదికి వెళ్తుందన్న దగ్గర ఉంది.

మన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కథ చూడండి, దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 169వ అధికరణం ప్రకారం మండలి కావాలన్నా వద్దన్నా అసెంబ్లీ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి, ఆ తర్వాత పార్లమెంటు చట్టం చేయాలి. తీర్మానం రాష్ట్రానిది, చట్టం పార్లమెంటుది. ఇన్ని రోజుల్లో చేయాలన్న గడువు లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు తీర్మానం చేస్తే ఇందిరాగాంధీ ప్రభుత్వం కదల్లేదు. 1985లో మళ్లీ తీర్మానం చేస్తే రాజీవ్ గాంధీ హయాంలో పార్లమెంటు చట్టం చేసింది, మండలి పోయింది. 1990లో కాంగ్రెస్ ప్రభుత్వం తిరిగి కావాలని తీర్మానం చేసింది. రాజ్యసభలో బిల్లు పాసైంది కూడా, లోక్‌సభ రద్దు కావడంతో అది అక్కడే ఆగిపోయింది. 2004లో మళ్లీ తీర్మానం, 2007లో మండలి తిరిగొచ్చింది. 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం రద్దు తీర్మానం చేసింది. ఢిల్లీ అవుననలేదు, కాదనలేదు. 2021 నవంబరులో ఆ ప్రభుత్వమే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

రాజ్యాంగం అదే, అధికరణం అదే, అసెంబ్లీ అదే. ఒకసారి దాదాపు నెలలో పనైపోయింది, ఒకసారి ఏళ్లు పట్టింది, ఇంకోసారి అసలు కాలేదు. ఢిల్లీలో ఎవరున్నారు, వాళ్లకు మనతో పనుందా అన్నదే తేడా.

ఇక బిల్లుల విషయం. ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేసుకోవాలంటే 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆమోదం వస్తే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే నిలుస్తుంది. 2013 భూసేకరణ చట్టాన్ని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇలాగే తమకు కావలసినట్టు సవరించుకున్నాయి. కాబట్టి కేంద్ర చట్టం ఉంటే రాష్ట్రం చేతులు కట్టుకోవాల్సిందేనని మీ నోట్సులో రాసుకుని ఉంటే దిద్దుకోండి.

ఆ ఆమోదం ఎలా వస్తుందో కొంచెం దగ్గరగా చెప్తాను. గవర్నరు బిల్లును రిజర్వ్ చేస్తారు, అంటే తాను సంతకం పెట్టకుండా రాష్ట్రపతి పరిశీలనకు ఉంచుతారు. ఏ క్లాజు ఏ కేంద్ర చట్టంలోని ఏ సెక్షనుతో ఢీకొంటోందో పట్టిక తయారుచేసి, కాపీలతో సహా కేంద్ర హోంశాఖకు పంపాలి. హోంశాఖ తనంతట తాను తేల్చదు. సంబంధం ఉన్న మంత్రిత్వ శాఖలన్నింటికీ తిప్పుతుంది. ఒక్కో శాఖ నుంచి ఒక్కో కొర్రీ వస్తుంది. వాటికి మనం జవాబులు రాసి పంపితే, ఆ జవాబుల మీద మళ్లీ కొర్రీలు. నేను చూసిన ఒక బిల్లుకు ఆఖరి కొర్రీ వచ్చేసరికి రాష్ట్రంలో ప్రభుత్వమే మారిపోయింది. కొత్త ప్రభుత్వానికి ఆ బిల్లు మీద ఆసక్తి లేదు, ఫైలు మూసేశాం. ఎవరూ దాన్ని తిరస్కరించలేదు మరి!

మహిళలపై నేరాలకు త్వరగా శిక్ష పడాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన దిశ బిల్లుకు ఆమోదం రాలేదు. అదే ప్రభుత్వం తెచ్చిన భూ హక్కుల చట్టానికి, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్టుకు, 2023లో వచ్చింది, తర్వాతి ప్రభుత్వం 2024లో రద్దు చేసింది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. వాటికి ఆమోదం రాకుండానే ఆ డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగిపోయాయి. బిల్లు మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోను. జాప్యానికి ఎంత బలం ఉందో చూడమంటున్నాను, అంతే.

గవర్నరు దగ్గరా ఇదే కథ. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి గవర్నరుకూ రాష్ట్రపతికీ గడువులు పెట్టింది, పెండింగులో ఉన్న 10 బిల్లులకు ఆమోదం వచ్చినట్టేనంది. రాష్ట్రాలు సంబరపడ్డాయి. అదే ఏడాది నవంబరు 20న, రాష్ట్రపతి పంపిన ప్రశ్నలకు ఐదుగురు జడ్జీల బెంచి జవాబిస్తూ కోర్టుకు అలా గడువులు పెట్టే అధికారం లేదనీ, ఆమోదం వచ్చినట్టే అనుకోవడం కుదరదనీ చెప్పింది. అయితే కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి బిల్లును పక్కన పెడితే, ఏదో ఒకటి తేల్చమని మాత్రం కోర్టు ఆదేశించవచ్చు. పాత పుస్తకాలు చదువుతుంటే ఈ రెండో తీర్పు తప్పకుండా కలుపుకోండి. ఏప్రిల్ తీర్పు దగ్గరే ఆగిపోయిన నోట్సులు చాలా తిరుగుతున్నాయి.

నాన్చాల్సిన అవసరమే లేకుండా కేంద్రానికి పూర్తి అధికారం ఉన్న చోటు కూడా ఒకటుంది. అది మూడో అధికరణం. మన రెండు రాష్ట్రాల వాళ్లకు దీని గురించి ఎవరూ వివరించక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలు. అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, పాటించక్కర్లేదు. అమెరికాలో రాష్ట్రం ఒప్పుకోకుండా ఆ రాష్ట్రాన్ని విడదీయడం కుదరదు, వాళ్ల రాజ్యాంగంలోనే ఆ మాట ఉంది. పైగా అక్కడ సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా రాష్ట్రానికి రెండు సీట్లు. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. రాష్ట్రాల సభ అని పేరే కానీ, అక్కడ కూడా జనాభాదే లెక్క.

ఆ ఫిబ్రవరి 20నే రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ప్రకటన చేశారు. ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. సభలో చెప్పిన హామీకీ చట్టంలో ఉన్న సెక్షనుకూ ఎంత దూరమో తర్వాత అందరం చూశాం. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా చట్టంలోనే రాశారు కాబట్టి దాని గురించి అడగడానికి కాగితం ఆధారం ఉంది.

డబ్బు దగ్గరికి వద్దాం. ఆస్పత్రులు, పోలీసు, సాగునీరు, బడులు, ఇలా జనం రోజూ తిట్టే పనులన్నీ రాష్ట్రానివి. ఆదాయపు పన్ను, కార్పొరేట్ పన్ను, కస్టమ్స్ కేంద్రానివి. కోడలికి వంటిల్లు అప్పగించి బియ్యం డబ్బా తాళం అత్తగారు కొంగున కట్టుకున్నట్టు. ఆ తాళం మరీ మొండిగా ఉండకుండా 280వ అధికరణం కింద కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో సిఫార్సు చేసే ఆర్థిక సంఘం ఉంది. 14వ సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 42 శాతం చేసింది, 15వ సంఘం 41 అంది. 15వ సంఘం కాలంలో (2021-26) ఆ 41లో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం ఉండేవి.

ఇక్కడే కిటుకు. పంచుకునే కుండలో సెస్సులు, సర్‌చార్జీలు, అంటే మామూలు పన్ను మీద అదనంగా వేసేవి, పడవు. 2021 బడ్జెట్ తర్వాత పెట్రోలు లెక్క చూడండి. లీటరు మీద కేంద్రం వసూలు చేసింది 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన బేసిక్ ఎక్సైజ్ సుంకం 1 రూపాయి 40 పైసలు! మిగతాదంతా ప్రత్యేక అదనపు సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు. ఆ తర్వాత మొత్తం సుంకం తగ్గింది, మళ్లీ కొంత మారింది, పద్ధతి మాత్రం అదే. వాటా శాతం మీద టీవీల్లో జరిగే గొడవ కంటే, కుండలో ఎంత పడుతోందన్న గొడవ పెద్దదని నా అభిప్రాయం.

అప్పుల సంగతి బయటివాళ్లకు తక్కువ తెలుసు. 293(3) ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి. బాకీ లేని రాష్ట్రం ఎక్కడుంది? మంగళవారం మంగళవారం రిజర్వు బ్యాంకు రాష్ట్రాల బాండ్లు వేలం వేస్తుంది. అందులో పేరు ఉండాలంటే కేంద్ర ఆర్థికశాఖ నుంచి ఈ ఏడాది ఇంతవరకు తెచ్చుకోవచ్చన్న లేఖ రావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ లేఖ కోసం ఆర్థికశాఖలో ఉండే టెన్షన్ చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటో తారీఖు జీతాలు, పెన్షన్లు నెత్తిమీద ఉంటాయి. కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పులను కూడా ఈ పరిమితిలో కలపడం మొదలెట్టాక ఊపిరి మరీ బిగిసింది. న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. కార్పొరేషన్ల చాటున రాష్ట్రాలు చేసిన అప్పుల్లో కొన్ని ఎలా తీరుస్తారో చేసినవాళ్లకే తెలియదు. అడిగేవాళ్లు ఒకరుండటం తప్పేమీ కాదు. అందరినీ ఒకే కొలతతో అడగాలి, అదే సమస్య.

ఈ అనుమతికే షరతులు తగిలించడం కూడా చూశాం. విద్యుత్ సంస్కరణలు చేస్తే జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్రం ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో, అర శాతం అదనంగా అప్పు తెచ్చుకోవచ్చన్నారు. వ్యవసాయ మోటార్లకు మీటర్ల గొడవ వచ్చింది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలెట్టింది. మీటర్లు పెట్టేది లేదని, ఆ అప్పు రాకపోయినా ఫర్వాలేదని కేసీఆర్ అన్నారు. రెండూ రాష్ట్రాలు తీసుకున్న నిర్ణయాలే. కేంద్రం ఎవరినీ బలవంతపెట్టలేదు, ధర చెప్పిందంతే. కేంద్ర పథకాల్లో 60:40 వాటాలూ అంతే. మన 40 వేయకపోతే, పాత విడతకు యూసీలు, అంటే ఖర్చు చేసినట్టు ధ్రువపత్రాలు, పంపకపోతే తర్వాతి విడత రాదు. వద్దంటే 60 పోతుంది, కావాలంటే మన బడ్జెట్‌లో 40 వాళ్లు చెప్పిన పనికి పోతుంది.

జీఎస్టీ గురించి ఒక్క ముక్క. కౌన్సిల్‌లో కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం కాదంటే జరగదు. కేంద్రం ఔనన్నదాన్ని ఆపాలంటే, 28 రాష్ట్రాలూ అసెంబ్లీ ఉన్న 3 కేంద్రపాలిత ప్రాంతాలూ కలిసి 31 మందీ హాజరైనప్పుడు కనీసం 12 మంది కలవాలి. కౌన్సిల్ సిఫార్సులకు చట్టసభలు కట్టుబడక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, దాని మీద ఆధారపడి విడిగా వెళ్లే ధైర్యం ఏ రాష్ట్రమూ చేయలేదు. మద్యం, పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాకుండా రాష్ట్రాలు ఎందుకంత గట్టిగా పట్టుకున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. సొంతంగా రేటు మార్చుకోగల పెద్ద పన్నుల్లో వాళ్లకు మిగిలినవి అవీ, రిజిస్ట్రేషన్లూ, వాహనాల పన్నూ.

ఇదంతా చదివి రాష్ట్రం ఉత్త డమ్మీ అనుకోకండి. నాన్చే విద్య రాష్ట్రాలకూ వచ్చు. కేంద్రానికి ఊళ్లో తహసీల్దారు లేడు, ఎస్సై లేడు. ఢిల్లీలో చేసిన చట్టం నడవాలంటే మన ఉద్యోగులే నడపాలి. నాలుగు లేబర్ కోడ్‌లు పార్లమెంటులో 2019, 2020లలో పాసయ్యాయి. అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఆ ఆలస్యానికి రాష్ట్రాల్లో నియమాలు తయారుకాకపోవడం ఒక ముఖ్య కారణం. 2019లో మోటారు వాహనాల జరిమానాలు పెంచితే, కేంద్రంలో ఉన్న పార్టీయే పాలిస్తున్న గుజరాత్ వారాల్లోపే తగ్గించింది. ఒక్కో కేసుకూ విడిగా అడగకుండా దర్యాప్తు చేసుకోమని సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్ 2018లో వెనక్కి తీసుకుంది, 2019లో కొత్త ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022లో ఉపసంహరించింది. సమ్మతి లేకపోతే కోర్టు ఆదేశిస్తే తప్ప కొత్త కేసు కోసం సీబీఐ రాష్ట్రంలో అడుగుపెట్టడం కష్టం. జాతీయ రహదారికి, రైల్వే లైనుకు భూసేకరణ చేసి పెట్టేది కూడా జిల్లా యంత్రాంగమే. ఆ ఫైలు ఎంత నెమ్మదిగా కదలగలదో నాకు బాగా తెలుసు.

రాష్ట్రపతి పాలన భయం గురించి కూడా అడిగారు. అది పాత భయం. 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీలు మెజారిటీ తేలాల్సింది సభలోనే అని చెప్పాక రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం వాడకం బాగా తగ్గింది. 2016లో అరుణాచల్‌లో పడగొట్టిన ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు తిరిగి కూర్చోబెట్టింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించింది 356 వాడి కాదు, గవర్నరు రాంలాల్ నేరుగా బర్తరఫ్ చేశారు. పరీక్షల్లో ఈ తేడా దగ్గర చాలామంది బోల్తా పడతారు. సరిగ్గా నెలకు, అంటే సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అధికరణాల వల్ల కాదు, ఎమ్మెల్యేలూ జనమూ ఆయన వెంట ఉన్నారు కాబట్టి.

చట్టపుస్తకాల్లో కనిపించని అసలు బలం కూడా అలాంటిదే. 2024 ఎన్నికల్లో లోక్‌సభలో టీడీపీకి 16 మంది వచ్చారు, కేంద్ర ప్రభుత్వానికి వాళ్ల మద్దతు అవసరమైంది. ఆ జులై బడ్జెట్‌లోనే అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామని ప్రకటన వచ్చింది. ఆ మధ్యలో రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. కేంద్రంలో ఒకే పార్టీకి సొంత మెజారిటీ ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలకూ, సంకీర్ణం ఉన్నప్పుడు రాసినవాటికీ జవాబు వచ్చే వేగంలో తేడా మేం వచ్చిన ఉత్తరాలు రాసుకునే ఇన్‌వర్డ్ రిజిస్టరు చూసే చెప్పేవాళ్లం.

చివరగా కోర్టు. 131వ అధికరణం కింద రాష్ట్రం నేరుగా సుప్రీంకోర్టులో కేంద్రం మీద దావా వేయవచ్చు. గెలవచ్చు కూడా. 2024 జులైలో ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని తొమ్మిది మంది జడ్జీల బెంచి 8:1తో చెప్పింది. 2005 ఏప్రిల్ నుంచి బకాయిలు రాబట్టుకోవచ్చు, 12 ఏళ్ల వాయిదాల్లో. అక్టోబరులో పారిశ్రామిక ఆల్కహాల్ మీద కూడా రాష్ట్రాలదే అధికారమంది. ఇవి చిన్న విజయాలు కావు. కానీ ఆ ఖనిజాల వివాదం దశాబ్దాలు నడిచింది. అప్పుల పరిమితి మీద కేరళ 2023లో వేసిన దావాను 2024 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. ఆర్థిక సంవత్సరం దావా తేలేదాకా ఆగదు, జీతాలూ ఆగవు. నదీ జలాలైతే మామూలు కోర్టు దారి కూడా లేదు. 262వ అధికరణం, 1956 చట్టం కలిసి ఆ పనిని ట్రైబ్యునల్‌కు అప్పగించాయి. కృష్ణా మీద బచావత్ ట్రైబ్యునల్ తీర్పు తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2004లో ఏర్పడింది. రాష్ట్రం రెండయ్యాక వాటాలు ఎలా పంచాలన్నది కూడా దాని ముందుకే వెళ్లింది.

అందుకే సలహా అడగడానికి వచ్చిన శాఖలకు మేం చెప్పేది, దావా వేయండి, కానీ ఢిల్లీలో ఆ ఫైలు వెంట తిరిగే మనిషిని మాత్రం వెనక్కి పిలవకండి అని.